కొరియా అక్షరాల్లో గోర్‌బోలి రాస్తే ఎవరి సొమ్ము పోయింది?

పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నా. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. చదివాక కోపం వస్తే రేపు పొద్దున రిప్లై ఇవ్వండి, రాత్రికి రాత్రే వద్దు.

సంక్రాంతి సెలవుల్లో ఒక అక్క ఇక్కడ చిన్న ఆటలాంటిది మొదలుపెట్టింది. నీకున్న వింత ఇష్టం ఒకటి చెప్పు, నువ్వు అభిమానించే మనిషి ఒకరి పేరు చెప్పు, ఎందుకో నాలుగు ముక్కలు రాయి. అంతే. రెండు రోజులు గ్రూపు కళకళలాడింది. ఉద్యోగ నోటిఫికేషన్ పడితే తప్ప నోరు విప్పని వాళ్ళు కూడా రాశారు. పాడేరు వైపు అక్కకి పుట్టగొడుగులంటే పిచ్చంట. వానాకాలంలో కనపడ్డ ప్రతి రకాన్నీ బొమ్మ గీసి పెట్టుకుంటదంట. చింతూరు తమ్ముడికి చదరంగం, అభిమానించేది విశ్వనాథన్ ఆనంద్‌ని. ఇంకొకడికి బస్సులు. ఏ డిపో బస్సు ఏ ఊళ్ళో ఎన్నింటికి ఆగిద్దో ఎక్కాల్లాగా ఒప్పజెప్తాడు. నేను మా ముప్పాళ్ళలో పగలంతా మిరపకోతకి పోయి, సాయంత్రం చేతుల మంట తగ్గకముందే ఫోను తీసి అవన్నీ చదివేవాణ్ణి.

మూడో రోజు రెండు పోస్టులు పడ్డాయి. అక్కడ మొదలైంది గొడవ.

ఒకటి మాచర్ల వైపు తండా నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం చెల్లిది. బీటీఎస్ అనే కొరియా పాటల బృందం అంటే ఇష్టమని రాసింది. వాళ్ళ పాటలు అర్థం కావాలని యూట్యూబ్‌లో చూసి నెల రోజుల్లో కొరియా అక్షరాలు నేర్చుకుందంట. నేర్చుకున్నాక ఊరుకోకుండా ఆ అక్షరాలతో వాళ్ళ తండా మాటలు రాయడం మొదలుపెట్టింది. యాడి, పాణి, బాటి... ఇట్లా ఒక నోటుబుక్కు నిండా. కొరియా లిపిలో లేని శబ్దాలకి తనే చుక్కలు, గీతలు పెట్టి గుర్తులు తయారుచేసుకుంది. ఆ పేజీ ఫొటో పెట్టింది.

రెండోది నెల్లూరు వైపు యానాది తమ్ముడిది. వాడికి పాములు. పట్టుకోడు, కొట్టడు, కుబుసాలు ఏరుకొచ్చి పాత నోటుబుక్కులో అంటించుకుంటాడు. కుబుసం చూసి ఇది నాగుపాముదా, జెర్రిగొడ్డుదా, నీరుకట్టుదా చెప్పగలనని రాశాడు. అభిమానించే మనిషి వాళ్ళ తాతంట.

చెల్లి పోస్టు కింద ఏం రాశారో గుర్తుందా అన్నలూ? "కొరియా వాళ్ళ వెంట పడితే మన సంస్కృతి ఏమయిపోవాలి", "సేవాలాల్ మహారాజ్ గుర్తు రాలేదా తల్లీ", "మీ నాయన కూలికి పోయి డేటా రీఛార్జ్ చేయిస్తుంటే నువ్వు చేసేది ఇదా". తమ్ముడి పోస్టు కింద ఏం రాశారు? "పాములోళ్ళు, ఎలకలోళ్ళు అని ఊళ్ళో అనిపించుకున్నది చాల్లేదా, చదువుకుని కూడా అదేనా".

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. పరాయిదాన్ని ఇష్టపడితే సంస్కృతి పోయింది. మనదాన్ని ఇష్టపడితే పరువు పోయింది. మరి మధ్యలో మాకు మిగిలిందేంటి? క్రికెట్టా?

చెల్లి పోస్టు తీసేసి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. తమ్ముడు ఉన్నాడు గానీ నోరు విప్పడం లేదు. వారం తిరక్కముందే ఒక సీనియర్ అన్న కొత్త రూలు ప్రతిపాదించాడు. ఇకమీదట నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్ విషయాలు, మన వీరుల జయంతులు, వర్ధంతులు మాత్రమే పెట్టాలంట. సొంత ఇష్టాలు, సినిమావాళ్ళు, ఆటగాళ్ళు, విదేశీయులు ఉంటే పోస్టు తీసేస్తారంట. ఆదివారం ఓటింగు. నేను వద్దని ఓటేస్తున్నా. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ముందు చెల్లి అక్షరాల సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ తిట్లు తిన్నది అదే. కొరియా లిపి పేరు హంగుల్. 1443లో సెజోంగ్ అనే రాజు తయారుచేయించాడు, 1446లో జనానికి ప్రకటించాడు. అంతకుముందు అక్కడ రాయాలంటే చైనా అక్షరాలే. వేలకొద్దీ ఉంటాయి. తిండికి లోటు లేనివాడు, ఏళ్ళ తరబడి కూర్చుని నేర్చుకునే తీరిక ఉన్నవాడికే చదువు. మామూలు జనం తమ గోడు రాసుకోలేకపోతున్నారని ఆ రాజు కొద్దిపాటి అక్షరాలతో కొత్త లిపి చేయించాడు. నోట్లో నాలుక ఎట్లా మడతపడిద్దో దాన్నిబట్టి హల్లుల ఆకారాలు పెట్టారు. ఆస్థాన పండితులు ఊరుకున్నారా? 1444లో రాజుకే అర్జీ పెట్టారు. చైనా అక్షరాలు వదిలేసి సొంత లిపి పెట్టుకునేది అనాగరికులేనని అందులో రాశారు. తర్వాత చాలాకాలం పెద్దకులాల మగవాళ్ళు దాన్ని చిన్నచూపు చూశారు. ఆడవాళ్ళు, సామాన్యులు ఉత్తరాలు, కథలు రాసుకుని దాన్ని బతికించారు. మన చెల్లి నేర్చుకున్నది ఆ లిపి. ఆ పండితులు చేసిన పని ఇక్కడ ఎవరు చేశారో పేర్లు చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. ఇండోనేసియాలో బుటన్ అనే దీవి ఉంది. అక్కడ చియా-చియా అనే చిన్న తెగ. వాళ్ళ భాషని వాళ్ళ బడుల్లో కొన్నిట్లో 2009 నుంచి కొరియా లిపితోనే నేర్పుతున్నారు. అంటే మాచర్ల తండాలో ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల ఎవరూ చెప్పకుండా సరదాకి చేసిన పని, సముద్రం అవతల ఒక తెగ బడిలో పెట్టుకుని చేస్తోంది. ఈ సంగతి ఆ పిల్లకి చెప్పేవాడే లేకపోయాడు, ఈలోపే తరిమేశాం.

మన దేశంలో చూద్దామా? సంతాలీ భాషకి ఓల్ చికి లిపి చేసినాయన పండిట్ రఘునాథ్ ముర్ము. 1905లో మయూర్‌భంజ్‌లో పుట్టాడు, 1925లో లిపి చేశాడు. లెక్క వేసుకోండి. ఇరవై ఏళ్ళు. నా వయసు. 2003లో రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌లోకి ఎక్కింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో గోండు పెద్దలు దాచుకున్న పాత రాతప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన గిడుగు రామమూర్తి గారు గిరిజనుడు కాదు, పర్లాకిమిడిలో బడి పంతులు. సవర భాష మీద ఇష్టం పుట్టి, సవరలనే కూర్చోబెట్టుకుని నేర్చుకుని, ఆ భాషకి పుస్తకాలు, నిఘంటువు తయారుచేశాడు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పంతులికి సవర భాష నేర్చుకోవడం కంటే వింత ఇష్టం ఇంకేముంటది చెప్పండి? ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. గోర్‌బోలికి సొంత లిపి లేదు. మా ఎరుకల కుర్రుభాషకీ లేదు. మా అమ్మ ఇంట్లో కుర్రు మాట్లాడిద్ది, గడప దాటితే తెలుగు. ఆ మాటల్ని ఏదో ఒక లిపిలో కాగితం మీద పెట్టాలని నాకు ఇరవై ఏళ్ళలో తట్టలేదు, మన గ్రూపులో ఇంకెవరికీ తట్టినట్టు లేదు. తట్టింది ఆ పిల్లకి, అదీ ఒక కొరియా పాట మీద మోజుతో.

ఆ పాటగాళ్ళ గురించి కూడా. 2018 సెప్టెంబరులో బీటీఎస్ వాళ్ళు ఐక్యరాజ్యసమితిలో మాట్లాడారు. నువ్వు ఎవరివైనా, ఎక్కడివాడివైనా, నీ ఒంటి రంగు ఏదైనా నీ పేరు నువ్వు చెప్పు, నీ గురించి నువ్వు మాట్లాడు అన్నదే అందులో సారం. చెల్లి సరిగ్గా అదే చేసింది. మనం "కూర్చో" అన్నాం.

ఇక పాముల తమ్ముడు. మన యానాదులకి దగ్గరి జాతి అనదగ్గ ఇరుళలు తమిళనాడులో ఉన్నారు. ఒకప్పుడు పాము తోళ్ళు అమ్ముకుని బతికేవాళ్ళు, చట్టం వచ్చి అది ఆగిపోయింది. 1978లో చెన్నై దగ్గర వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. మన దేశంలో పాముకాటు మందు తయారీకి వెళ్ళే విషంలో ఎక్కువ భాగం వాళ్ళు ఇచ్చేదే. పత్తిచేలో, వరిచేలో రాత్రిపూట నీళ్ళు కట్టడానికి పోయే వాళ్ళు ఇళ్ళల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఈ వాక్యం రెండుసార్లు చదవండి. అదే జాతిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అని ఇద్దరు. 2017లో అమెరికాలో ఫ్లోరిడా వాళ్ళు కొండచిలువలతో వేగలేక వీళ్ళని పిలిపించుకున్నారు. అక్కడి శాస్త్రవేత్తలకి కనపడని జాడ వీళ్ళకి గడ్డిలో కనపడింది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. కాబట్టి అన్నా, ఆ తమ్ముడి కుబుసాల నోటుబుక్కు చూసి సిగ్గుపడాల్సింది మనమా? వాడు జువాలజీ తీసుకుంటే ఆ నోటుబుక్కే వాడి మొదటి రికార్డు. తీసుకోకపోయినా ఏం నష్టం లేదు. వాళ్ళ తాత మీద ప్రేమతో దాచుకున్నాడు, అది చాలు.

ఇప్పుడు మీ వీరుల జాబితా దగ్గరికి వద్దాం. ఆ జాబితా మీద నాకు గొడవ లేదు. జయంతికి దండ వేసేవాళ్ళలో నేనూ ఉంటా. కానీ "విదేశీయులు, ఆటగాళ్ళు, సినిమావాళ్ళు వద్దు, మన వీరులు చాలు" అంటున్నారు కదా, మన వీరులు ఎట్లాంటోళ్ళో చూశారా ఎప్పుడైనా?

జైపాల్ సింగ్ ముండా. రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. 1946 డిసెంబరులో అక్కడ నిలబడి, నన్ను జంగ్లీ అంటారు, ఆ పేరు నాకు గర్వం అని చెప్పిన మనిషి. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, హాకీ పిచ్చోడు. ఐసీఎస్ శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి సెలవు ఇవ్వమన్నారు. కొలువా, హాకీయా అని వస్తే హాకీ అన్నాడు. ఆయన కెప్టెన్‌గా వెళ్ళిన జట్టు బంగారు పతకం తెచ్చింది. ఆ రోజు మన గ్రూపు ఉండుంటే ఆయన పోస్టు కింద ఏం రాసేవాళ్ళం? "ఐసీఎస్ వదిలేసి కర్ర పట్టుకుని బంతి కొడతావా" అని. బిర్సా ముండా 25 ఏళ్ళు నిండకముందే 1900లో రాంచీ జైల్లో చనిపోయాడు. చిన్నప్పుడు పిల్లనగ్రోవి, తుయిలా అనే తీగవాద్యం పట్టుకుని తిరిగేవాడని ఆయన కథ చెప్పే ప్రతి ఒక్కరూ చెప్తారు. మన ఫ్లెక్సీల్లో విల్లు ఉంటది, పిల్లనగ్రోవి ఉండదు. అంబేడ్కర్ గారు పెద్దవయసులో వయొలిన్ నేర్చుకున్నారు. మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. మొదలైంది భువనగిరి గుట్ట మీద. నిజామాబాద్ జిల్లా తండా పిల్లకి రాళ్ళెక్కే సరదా ఎందుకని అప్పుడెవరైనా రూలు పెట్టుంటే?

సినిమావాళ్ళు వద్దంటున్న అన్నలకి ఒక చిన్న మాట. కొమరం భీమ్ పేరుతో మీలో సగం మంది ప్రొఫైల్‌లో పెట్టుకున్న ఫొటో భీమ్‌ది కాదు. 2022లో వచ్చిన సినిమాలో ఎన్టీఆర్‌ది. రూలు పాస్ అయితే ముందు అవి తీసేయాల్సి వచ్చిద్ది. జోడేఘాట్‌లో 1940లో చనిపోయిన మనిషిని అంత సులువుగా మర్చిపోతే ఎట్లా?

మా ఎరుకలోళ్ళం ఏకలవ్యుణ్ణి మావాడనుకుంటాం. ఆయన కథ మీరంతా బొటనవేలు దగ్గరే ఆపుతారు. నేను ఇంకొంచెం ముందు నుంచి చదువుతా. ద్రోణుడు పొమ్మన్నాడు. ఈయన అడవికి పోయి మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకున్నాడు. ఎవరి పర్మిషన్ అడిగాడు? తన గురువు ఎవరో తనే తేల్చుకున్నాడు, పరాయి కులంలో, పరాయి చోట. బొమ్మ ముందు నిలబడి అర్జునుడికి కూడా రాని విద్య నేర్చుకున్నాడు. ఇష్టం తనది, విద్య తనది. దక్షిణ అడిగినప్పుడు "ఇవ్వను" అనకపోవడం దగ్గరే నాకు బాధ. హీరో కటౌట్‌కి పాలు పోయడానికి మెస్ బిల్లు డబ్బులు ఖర్చుపెట్టే మన కుర్రోళ్ళకి చెప్పాల్సింది ఉంటే ఇదే. బొమ్మ చేసుకో, వేలు మాత్రం ఇవ్వకు. అంతేగానీ బొమ్మే చేసుకోవద్దని ఎవరన్నారు?

పల్నాడోళ్ళకి ఇంకా దగ్గరి సాక్షి ఉన్నాడు. గుర్రం జాషువా, 1895లో మన వినుకొండలో పుట్టాడు. అంటరానివాడని గెంటినోళ్ళ మధ్య బతికాడు. ఆయనకి గబ్బిలం కావాల్సి వచ్చింది, దాని చేత గోడు చెప్పించాడు. గిజిగాడి గూడు చూసి మురిసిపోయి పద్యాలు రాశాడు, సాలీడు మీద రాశాడు. వినుకొండ ఎక్కడ, పర్షియా ఎక్కడ? అక్కడి కవి ఫిరదౌసి కష్టం తన కష్టంలాగా అనిపించి కావ్యమే రాశాడు. "నీ కులం కవులు లేరా, పర్షియావాడు దేనికి" అని ఆయన్నెవరైనా అడిగుంటే ఆ పేజీలు మనకి ఉండేవా?

మీ భయం నాకు అర్థం కాదనుకోకండి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసినప్పుడు ఏజెన్సీలో టీచరు పోస్టుల మీద ఆశ పెట్టుకున్నోళ్ళు ఎట్లా కుదేలయ్యారో సీనియర్లు చెప్తే విన్నా. ఇట్లాంటి కబురు పాటల పోస్టుల మధ్య పోతే నష్టమే. దానికి మందు ఉంది: నోటిఫికేషన్లు పైన పిన్ చేసి పెట్టండి. చెల్లెళ్ళకి ఒక జాగ్రత్త కూడా చెప్పండి, ఇష్టం రాయండి గానీ హాస్టల్ రూము నంబరు, ఊరికి పోయే బస్సు టైము రాయొద్దని. అలాంటి రూలు పెడితే రెండు చేతులూ ఎత్తుతా.

కానీ మనసులో ఇష్టమే ఉండకూడదంటే ఒప్పుకోను. మా తాతల తరానికి ప్రభుత్వం పెట్టిన పుస్తకం ఒకటుంది. 1871లో తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రం దాకా పాకించిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. ఎరుకలోళ్ళని స్టువర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేశారు. పేరు, తండ్రి పేరు, ఊరు, వేలిముద్ర. ఆ రిజిస్టర్లో "నీకేది ఇష్టం" అనే గడి లేదు. ఇప్పుడు మాకు ఎన్ని ఫారాలు ఉన్నాయో మీకు తెలుసు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, హాస్టల్ అడ్మిషను, ఫీజు రీయింబర్స్‌మెంట్. వాటిల్లోనూ ఆ గడి లేదు. మొదటిసారి ఆ గడి కనపడేది ఉద్యోగం ఇంటర్వ్యూలో. మా కాలేజీకి ఒక కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు చూశా. మా హాస్టల్ పిల్లలందరికీ ఒకే కాగితం, సీనియర్ల నుంచి సీనియర్లకి అందుతూ వచ్చింది. "మై హాబీస్ ఆర్ లిజనింగ్ మ్యూజిక్ అండ్ ప్లేయింగ్ క్రికెట్." పదకొండు మంది అదే చెప్పారు. టౌన్ కుర్రోడు ఒకడు పాత రేడియోలు విప్పి బాగుచేస్తానని పావుగంట మాట్లాడాడు, అడిగేవాళ్ళు ముందుకి వంగి విన్నారు. మా పదకొండు మందికి ఇష్టాలు లేవా? ఉన్నాయి. ఒకడు కప్పల అరుపు విని రకం చెప్తాడు, ఒకడు ఈత ఆకుతో ఏనుగు అల్లుతాడు. వాటిని ఇష్టం అంటారని, పదిమందికి చెప్పుకోవచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

హాస్టల్లో సొంత గోడ ఉండదు. ట్రంకు పెట్టె మూత లోపలివైపు ఒక్కటే మనది. ఎవడి పెట్టె తెరిచినా అక్కడ ఏదో ఒకటి అంటించి ఉంటది. దేవుడో, హీరోయినో, మెస్సీయో, అమ్మ పాస్‌పోర్ట్ ఫొటోనో. ఆ మూత ఎవరికి చూపించాలి? క్లాసులో ఎస్టీలం ముగ్గురమే ఉంటాం, ఊళ్ళో డిగ్రీ దాకా వచ్చినోడు ఇంకొకడు ఉండడు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా మనోళ్ళు ఒకచోట ఉన్నది ఇక్కడే. ఇక్కడ కూడా మూత వేసేస్తే ఇంకెక్కడ తెరవాలి?

సరే, ఆట మొదలుపెట్టిన అక్కకి నా సమాధానం నేను బాకీ ఉన్నా. ఓటింగుకి ముందే ఇచ్చేస్తున్నా, తర్వాత తీసేస్తారేమో. వింత ఇష్టం: లారీల వెనక రంగులతో రాసే అక్షరాలు. సత్తెనపల్లి-నరసరావుపేట రోడ్డు మీద ఎక్కడ లారీ ఆగినా ఫొటో తీస్తా. ఇప్పటికి 214 ఉన్నాయి. ఒక్కో పెయింటరు "క్ష"ని ఒక్కో తీరున తిప్పుతాడు, ఎవరిది ఎవరిదో ఇప్పుడు గుర్తుపడతా. అభిమానించే మనిషి: క్యాథీ ఫ్రీమన్. ఆస్ట్రేలియా ఆదివాసీ అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు గెలిచి, దేశం జెండాతోపాటు వాళ్ళ జాతి జెండా కూడా పట్టుకుని స్టేడియం అంతా తిరిగింది. విదేశీయురాలు, ఆటగత్తె. మీ రూలు రెండుసార్లు తప్పినట్టు రాసుకోండి.

మాచర్ల చెల్లి చదివే కాలేజీ వాళ్ళు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలుసు. ఈ పోస్టు ఆమెకి పంపించండి. చెల్లీ, ఆ నోటుబుక్కు పేజీ ఇంకోసారి కావాలి. మా అమ్మ చెప్పిన కుర్రు మాటలు నలభై రాసి పెట్టాను, నీ అక్షరాల్లో పడతాయేమో చూద్దాం. "ళ"కి నువ్వు పెట్టిన గుర్తు ఫొటోలో సరిగ్గా కనపడలేదు, అది కింద చుక్కా, పక్కన గీతా?